మూడు బ్లాకులున్న షుగర్ రోగికి స్టెంటా, బైపాసా: హార్ట్ టీమ్ సంప్రదింపు సేవపై సమీక్ష

గుండెకు రక్తం అందించే మూడు ప్రధాన నాళాల్లోనూ పూడికలున్నాయని యాంజియోగ్రామ్‌లో తేలిన తర్వాత, స్టెంట్లు వేసే కార్డియాలజిస్టు, బైపాస్ చేసే గుండె సర్జన్ ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చుని ఆ చిత్రాలను చూసి, రోగితోనూ ఇంటివాళ్లతోనూ మాట్లాడి, ఇద్దరి సంతకాలతో ఒకే సలహా ఇచ్చే ఏర్పాటును హార్ట్ టీమ్ సంప్రదింపు అంటారు. మా బావగారి కోసం హైదరాబాద్‌లోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో మేము ఈ సేవను తీసుకున్నాము. ఆసుపత్రి పేరు రాయడం లేదు. రాస్తే చదివేవారి దృష్టంతా ఆ పేరు మీదికే పోతుంది. నేను చెప్పదలచుకున్నది ఆ సేవ ఎలా ఉంటుంది, అందులో ఏమేమి అడగాలి, అది ఎవరికి అవసరం అన్న సంగతులు. గుండె శస్త్రచికిత్స విభాగం ఉన్న ఆసుపత్రుల్లో దీన్ని అడిగి తీసుకోవచ్చు. అడగకపోతే మాత్రం చాలాచోట్ల దానంతట అది జరగదు.

బావగారిది మిర్యాలగూడ. రైస్ మిల్లు నడుపుతారు. వయసు 61. పదిహేడేళ్లుగా షుగర్ ఉంది, దానికి తోడు బీపీ, కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ 1.5 దగ్గర ఆడుతూ ఉంటుంది. కొంతకాలంగా మిల్లు మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వస్తోందని, దవడ లాగినట్టుగా ఉంటోందని అంటూ, అది గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకుంటూ వచ్చారు. షుగర్ ఉన్నవారికి ఛాతీలో నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చునని, ఆయాసమే గుండె జబ్బుకు తొలి లక్షణం కావచ్చునని మాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. గుండె స్కాన్, ఎకో తీస్తే గుండె పంపింగ్ తక్కువగా, 42 శాతం అని వచ్చింది. యాంజియోగ్రామ్ తప్పదన్నారు.

ఆ యాంజియోగ్రామ్ వేరొక ఆసుపత్రిలో జరిగింది. మణికట్టు దగ్గర ట్యూబు ఇంకా ఉండగానే, ఆయన లోపల బల్ల మీద పడుకుని ఉండగానే, అక్కను, నన్ను క్యాథ్‌ల్యాబ్ తలుపు దగ్గరికి పిలిచారు. చిన్న తెర మీద నల్లటి తీగల్లా కదులుతున్న నాళాలను చూపించి, మూడింటిలోనూ బ్లాకులున్నాయి, నాలుగు స్టెంట్లు పడతాయి, ఇప్పుడే వేసేస్తాము, సంతకం పెట్టండి అన్నారు. బైపాస్ అన్న మాట ఎవరి నోటా రాలేదు. సర్జన్ గారితో ఒకసారి మాట్లాడవచ్చా అని నేను అడిగితే, ఛాతీ కోయించాలని ఉందా అని ఎదురు ప్రశ్న వచ్చింది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతకం పెట్టడానికి ఆమె పెన్ను కూడా అందుకుంది. ఆగండి, ట్యూబు తీసేయండి, మేము ఆలోచించుకుని చెబుతాము అని నేను అన్నాను. వాళ్లు కాదనలేదు, తీసేశారు. ఆ ఒక్క విషయానికి నేను వాళ్లకు కృతజ్ఞుడినే.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఈ సమీక్ష ఎవరికైనా హాని చేస్తుంది. గుండెపోటు వచ్చి, ఒక నాళం పూర్తిగా మూసుకుపోయి, ఈసీజీలో ఆ మార్పు కనబడుతున్న రోగికి ఆ క్షణమే స్టెంట్ వేయడం ప్రాణం నిలిపే చికిత్స. అక్కడ నిమిషాలు గడిచేకొద్దీ గుండె కండరం చచ్చిపోతుంది. ఇంటికి వెళ్లి ఆలోచించుకుంటామని అనకూడదు. కానీ బావగారిలా నెలల తరబడి లక్షణాలు నిలకడగా ఉన్న రోగికి, అందులోనూ మూడు నాళాల జబ్బుకు షుగర్ కూడా తోడైనప్పుడు, యాంజియోగ్రామ్ చేసిన బల్ల మీదే తేల్చేయవలసిన తొందర సాధారణంగా ఉండదు. ఇటువంటి రోగుల విషయంలో హార్ట్ టీమ్ ద్వారానే నిర్ణయం జరగాలని యూరప్ నిపుణుల 2018 మార్గదర్శకాలూ, అమెరికా నిపుణుల 2021 మార్గదర్శకాలూ చెబుతున్నాయి. యాంజియోగ్రామ్‌కూ చికిత్సకూ మధ్య ఆ కొద్దిపాటి వ్యవధి దొరకడమే నా దృష్టిలో ఈ సేవ అసలు విలువ. మిగిలినవన్నీ ఆ వ్యవధిలో జరిగే పనులు.

సంప్రదింపు ఎలా జరిగిందో చెబుతాను. యాంజియోగ్రామ్ సీడీని ముందుగానే తెప్పించుకుని వాళ్లు చూసి ఉంచారు. మేము వెళ్లేసరికి గదిలో కార్డియాలజిస్టు, సర్జన్, ఇద్దరికీ సహాయంగా ఒక జూనియర్ డాక్టరు ఉన్నారు. బావగారిని కుర్చీలో తెరకు ఎదురుగా కూర్చోబెట్టి, ఆయన గుండెను ఆయనకే చూపించారు. ముందువైపు దిగే ప్రధాన నాళంలో, ఎల్‌ఏడీ అంటారు దాన్ని, మొదట్లోనే పొడవాటి పూడిక. అది కొమ్మగా చీలే చోట మరొకటి. కుడివైపు నాళం పూర్తిగా మూసుకుపోయింది, ఎడమవైపు నుంచి వచ్చే సన్నటి పిల్ల నాళాలు దానికి కొద్దిగా రక్తం అందిస్తున్నాయి. మూడోదానిలో సున్నం పేరుకున్న గట్టి పూడిక. ఇవన్నీ మొదటి ఆసుపత్రి రిపోర్టులో ఒక్క వాక్యంలో, మూడు నాళాల జబ్బు అని ఉంది. ఆ ఒక్క వాక్యం కింద ఎంత భేదం దాగి ఉంటుందో అక్కడే మాకు తెలిసింది.

ఆ తర్వాత జూనియర్ డాక్టరు కంప్యూటర్‌లో సింటాక్స్ స్కోరు లెక్క వేశారు. పూడికలు ఎన్ని, ఎక్కడున్నాయి, పూర్తిగా మూసుకుపోయినవి ఉన్నాయా, చీలే చోట పడ్డాయా, సున్నం ఉందా, నాళం వంకర తిరిగి ఉందా, పూడిక పొడవు ఎంత అన్న ప్రశ్నలకు ఒక్కొక్కదానికీ జవాబు నింపుతూ పోతే చివరికి ఒక అంకె వస్తుంది. 22 వరకు తక్కువ జటిలత, 23 నుంచి 32 వరకు మధ్యస్థం, 33, ఆపైన ఎక్కువ. బావగారికి 31 వచ్చింది. ఆ అంకెను తీర్పుగా చెప్పకుండా, లెక్క వేసేటప్పుడు ఇద్దరు డాక్టర్ల మధ్య ఒకటి రెండు పాయింట్ల తేడా రావచ్చునని కార్డియాలజిస్టు గారే ముందుగా అన్నారు. నాకు ఆ మాట నచ్చింది.

ఈ స్కోరు పుట్టింది సింటాక్స్ అనే పెద్ద అధ్యయనం కోసం. యూరప్, అమెరికాల్లోని 85 ఆసుపత్రుల్లో మూడు నాళాల జబ్బు గానీ, ఎడమ ప్రధాన నాళంలో, అంటే ఎల్‌ఏడీ చీలడానికి ముందున్న మొదలు నాళంలో, పూడిక గానీ ఉన్న 1,800 మందిని చీటీ తీసినట్టుగా రెండు వర్గాలుగా విడదీసి, సగం మందికి మందు పూసిన స్టెంట్లు, సగం మందికి బైపాస్ చేసి చూశారు. తొలి ఫలితాలు 2009లో వచ్చాయి. ఐదేళ్ల తర్వాత, మరణం, గుండెపోటు, పక్షవాతం, మళ్లీ చికిత్స అవసరం కావడం, ఇవన్నీ కలిపి చూస్తే, బావగారిలా మధ్యస్థ స్కోరు ఉన్నవారిలో స్టెంట్ల వర్గంలో 36.0 శాతం మందికి, బైపాస్ వర్గంలో 25.8 శాతం మందికి వీటిలో ఏదో ఒకటి జరిగింది. స్కోరు 33, ఆపైన ఉన్నవారిలో తేడా ఇంకా పెద్దది: 44.0, 26.8. తక్కువ స్కోరు ఉన్నవారిలో మాత్రం 32.1, 28.6, అది చెప్పుకోదగ్గ తేడా కాదు. పదేళ్ల నాటికి మరణాలు మాత్రమే లెక్కిస్తే, మూడు నాళాల జబ్బు ఉన్నవారిలో స్టెంట్లు వేయించుకున్నవారు 28 శాతం, బైపాస్ చేయించుకున్నవారు 21 శాతం చనిపోయారు. ఈ అంకెలన్నీ సర్జన్ గారు కాగితం మీద రెండు వరుసలుగా రాసి చూపించారు. ఇంగ్లీషు మాటలు రాని అక్కకు కూడా ఆ రెండు వరుసలు అర్థమయ్యాయి.

షుగర్ విషయానికి వచ్చేసరికి సంభాషణ ఒకవైపు మొగ్గింది. 2012లో వెలువడిన ఫ్రీడమ్ అధ్యయనం కేవలం షుగర్ రోగుల మీదే జరిగింది. ఒకటికి మించి నాళాల్లో జబ్బు ఉన్న 1,900 మందిని పరిశీలించారు. ఐదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంట్ల వర్గంలో 26.6 శాతం, బైపాస్ వర్గంలో 18.7 శాతం. మరణాలు ఒక్కటే చూసినా 16.3, 10.9. పక్షవాతం మాత్రం తిరగబడింది: స్టెంట్లతో 2.4 శాతం ఉంటే బైపాస్‌తో 5.2 శాతం. ఈ చివరి అంకెను సర్జన్ గారు తానుగా చెప్పారు, మేము అడగలేదు. తన చికిత్సకు వ్యతిరేకంగా ఉన్న అంకెను తానే ముందు పెట్టిన డాక్టరును నమ్మవచ్చునని నాకు ఆ క్షణం అనిపించింది. షుగర్‌తో మూడు నాళాల జబ్బు ఉండి, స్కోరు 22 దాటినవారికి యూరప్ 2018 మార్గదర్శకాలు స్టెంట్లను సిఫారసు చేయలేదని కార్డియాలజిస్టు గారు కూడా ఒప్పుకున్నారు.

ఎందుకు ఇలా అని బావగారు అడిగారు. ఆయనకు అంకెల కన్నా కారణం కావాలి. సర్జన్ గారు ఆయన ఊరు కనుక్కుని, సాగర్ ఎడమ కాలువతోనే చెప్పారు. కాలువలో నాలుగు చోట్ల పూడిక తీస్తే నీళ్లు పారతాయి, కానీ షుగర్ ఉన్నవారి నాళం పొడవునా పాడవుతూనే ఉంటుంది, రేపు ఐదో చోట, ఆరో చోట పూడుతుంది. బైపాస్ అంటే పాడైన భాగాన్ని అంతటినీ దాటించి, చివరి ఆయకట్టుకే కొత్త కాలువ తవ్వి నీళ్లు పెట్టడం, పైన ఇంకో చోట పూడినా కింద పొలం ఎండదు అన్నారు. బావగారు వెంటనే తల ఊపారు. స్టెంట్ ఉన్న పూడికకు మాత్రమే చికిత్స చేస్తుందని, బైపాస్ రాబోయే పూడికల నుంచి కూడా కాపాడుతుందని చెప్పడానికి అంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

ఆ కొత్త దారి దేనితో వేస్తారన్నది కూడా ముఖ్యమే. ఛాతీ ఎముక లోపలివైపు దిగే ధమనిని, ఎడమవైపు దాన్ని, ఒక చివర కదపకుండానే రెండో చివరను ఎల్‌ఏడీకి కలుపుతారు. పదేళ్ల తర్వాత కూడా ఇటువంటివి నూటికి తొంభై దాకా తెరుచుకునే ఉంటాయి. మన వాళ్లు కాలి నరం అని పిలిచే సిర అంత కాలం నిలవదు; పదేళ్లకు దాదాపు సగం మూసుకుపోవడమో, బాగా పాడవడమో జరుగుతుంది. కాబట్టి బైపాస్ చేయించుకునేవారు సర్జన్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న ఎన్ని గ్రాఫ్టులు, అంటే కొత్తగా కలిపే నాళాలు ఎన్ని, అని కాదు, ఎల్‌ఏడీకి ఛాతీ ధమనిని వేస్తున్నారా అని. రెండు వైపుల ఛాతీ ధమనులనూ వాడవచ్చు కదా అని నేను అడిగాను. షుగర్ అదుపులో లేని రోగికి రెండూ తీసేస్తే ఛాతీ ఎముక మానడం కష్టమై ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని, అందుకే ఎడమ ఛాతీ ధమనికి తోడు ముంజేతి ధమనీ, కాలి సిరా వాడతామని చెప్పారు.

కార్డియాలజిస్టు గారు తన వైపు వాదాన్ని తగ్గించి చెప్పలేదు. సింటాక్స్, ఫ్రీడమ్ రెండింటిలోనూ వాడినవి తొలి తరం స్టెంట్లని, ఇప్పటివి వాటి కన్నా చాలా మెరుగైనవని, నాళం లోపలికి చిన్న కెమెరా లాంటి ప్రోబు పంపి కొలతలు చూసుకుని వేస్తే ఫలితం ఇంకా బాగుంటుందని వివరించారు. అయితే కొత్త స్టెంట్లతో, పీడనం కొలిచి నిజంగా అవసరమైన పూడికలకే స్టెంట్ వేస్తూ 1,500 మంది మీద జరిపిన ఫేమ్ 3 అధ్యయనంలో కూడా, ఏడాది గడిచేసరికి స్టెంట్ల వర్గంలో 10.6 శాతం, బైపాస్ వర్గంలో 6.9 శాతం మందికి చెడు ఫలితాలు వచ్చాయని ఆయనే చెప్పారు. ఎడమ ప్రధాన నాళంలో మాత్రమే పూడిక ఉండి మిగతావి బాగుంటే లెక్క వేరుగా ఉంటుందన్నారు. అక్కడ వైద్యుల మధ్యే పెద్ద వివాదం నడిచింది. ఇటువంటి రోగుల మీద జరిగిన ఎక్సెల్ అధ్యయనం ఐదేళ్ల ఫలితాల్లో మరణాలు స్టెంట్లతో 13.0 శాతం, బైపాస్‌తో 9.9 శాతం అని వచ్చాక, యూరప్ గుండె సర్జన్ల సంఘం 2019 చివర్లో ఎడమ ప్రధాన నాళం గురించిన ఉమ్మడి సిఫారసుకు తన మద్దతును ఉపసంహరించుకుంది. తర్వాత 2021లో నాలుగు అధ్యయనాల్లోని 4,394 మంది వివరాలను కలిపి చూస్తే, ఐదేళ్ల మరణాలు స్టెంట్లతో 11.2, బైపాస్‌తో 10.2 శాతంగా, చెప్పుకోదగ్గ తేడా లేకుండా కనిపించాయి. ఇది బావగారికి వర్తించదు, కానీ అటువంటి రోగి ఇంటివాళ్లు తెలుసుకోవలసిన సంగతి.

అక్క ఒక్కటే అడిగింది: "డాక్టరు గారూ, కోయకుండా కుదరదా?" దానికి కార్డియాలజిస్టు గారు ఇచ్చిన జవాబును యథాతథంగా రాస్తున్నాను: "కుదురుతుందమ్మా. నేను వేయగలను. కానీ ఆయనకు మూసుకుపోయిన ఆ కుడి నాళం తెరవడం కష్టం, రంగు మందు ఎక్కువ వాడాలి, కిడ్నీకి మంచిది కాదు. రెండు మూడేళ్లలో మళ్లీ నా దగ్గరికే రావలసి రావచ్చు. మా నాన్న అయితే నేను సర్జన్ గారికే అప్పగిస్తాను." స్టెంట్లు వేయడమే వృత్తిగా ఉన్న మనిషి నోట ఆ మాట విన్నాక, అక్క ముఖంలో భయం పోలేదు గానీ అనుమానం పోయింది. వేరువేరు గదుల్లో ఇద్దరు డాక్టర్లను కలిసి ఉంటే, ఒకరు స్టెంట్ అని, ఒకరు బైపాస్ అని చెప్పి ఉంటే, ఆ భారం ఆమె మీదే పడేది.

బైపాస్ ఎంత ప్రమాదమో కూడా అక్కడే లెక్క కట్టారు. వయసు, పంపింగ్, క్రియాటినిన్, షుగర్, ఊపిరితిత్తుల స్థితి వంటివి నింపితే యూరోస్కోర్ అనే పద్ధతిలో శస్త్రచికిత్స సమయంలో ప్రాణాపాయం ఎంత శాతమో ఒక అంచనా వస్తుంది. బావగారికి అది రెండు శాతానికి లోపే వచ్చింది. మెడ నాళాల్లో రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్, ఊపిరితిత్తుల పరీక్ష, మూడు నెలల షుగర్ సగటు అడిగారు. పక్షవాతం ముప్పును తగ్గించడానికి మెడ నాళాలను ముందే చూసుకోవడం ఎంత అవసరమో అప్పుడే తెలిసింది, ఆ పరీక్ష చేయించకుండా బైపాస్‌కు తేదీ ఇచ్చే చోట జాగ్రత్తగా ఉండాలని నాకు అనిపించింది.

ఈ సేవ ప్రతిసారీ బైపాస్ అనే చెబుతుందనుకుంటే పొరపాటు. మా అక్క వాళ్ల వీధిలోని ఒక పెద్దావిడను, ఎనభై దాటినావిడను, వాళ్ల పిల్లలు మా మాట మీద అక్కడికే తీసుకువెళ్లారు. ఆవిడకు ఎడమ ప్రధాన నాళంలో పూడిక, ఊపిరితిత్తుల జబ్బు. నాలుగడుగులు నడిస్తే పట్టుకోవాలి. ఛాతీ తెరిస్తే ఆవిడ కోలుకోలేరని సర్జన్ గారే ముందు చెప్పి, స్టెంట్ వైపు మొగ్గారు. ఒక వయసు దాటి ఒళ్లు బలహీనపడినవారికి పదేళ్ల అంకెలతో పని లేదు. వచ్చే ఏడాది మంచం పట్టకుండా ఉండడమే ముఖ్యం. ఇద్దరు నిపుణులు కూర్చునేది ఒకరిని ఒకరు ఓడించడానికి కాక రోగిని చూడడానికే అయినప్పుడు ఇలా జరుగుతుంది.

ఇక ఖర్చు. సంప్రదింపుకు తీసుకున్నది మామూలు స్పెషలిస్టు ఫీజుకు రెట్టింపు. అందుకున్న దానితో పోలిస్తే అది చాలా తక్కువ. స్టెంట్ చవక, బైపాస్ ఖరీదు అన్న భావన మనలో బలంగా ఉంది. ఒక్క స్టెంట్ విషయంలో అది నిజమే. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది, ఆ పరిమితి తర్వాత సవరణలతో మారుతూ వస్తోంది. కానీ పరిమితి స్టెంటుకే. బెలూన్లు, వైర్లు, క్యాథ్‌ల్యాబ్ చార్జీలు వేరు. నాలుగు స్టెంట్లు రెండు విడతల్లో వేస్తే, సున్నం గీకే పరికరం వాడవలసి వస్తే, మొత్తం ఖర్చు బైపాస్ ప్యాకేజీ దగ్గరికే చేరుతుంది. మాకు ఇచ్చిన రెండు అంచనాల మధ్య తేడా అంత పెద్దది కాదు. 1990లలో హైదరాబాద్‌లోనే డాక్టర్ సోమరాజు గారు, అబ్దుల్ కలాం గారు కలిసి సామాన్యుడికి అందే ధరలో స్టెంట్ తయారు చేయించిన చరిత్ర మనకు ఉంది. ఆ రోజుల్లో ధర చూసే చాలామంది చికిత్స మానుకునేవారు. ఇప్పుడు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్న కుటుంబాలు ముందుగా తమ కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో కనుక్కోవాలి. రెండు చికిత్సల అంచనాలనూ కాగితం మీద రాయించుకోవాలి, నోటి లెక్కను నమ్మకూడదు.

లోపాలు చెప్పకపోతే ఇది సమీక్ష కాదు. మొదటిది, ఇద్దరి సంతకాలతో ఇచ్చిన సలహా పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. గదిలో చక్కటి తెలుగులో అంత ఓపికగా చెప్పినవాళ్లు, ఇంటికి తీసుకువెళ్లి పదిమందికి చూపించుకునే కాగితాన్ని మాత్రం అక్కకు చదవరాని భాషలో ఇచ్చారు. మిర్యాలగూడలో బంధువులు ఒక్కొక్కరు వచ్చి, ఈ రోజుల్లో బైపాస్ ఎవరు చేయించుకుంటున్నారు అని అడుగుతుంటే, ఆమె చేతిలో తెలుగు కాగితం ఒకటి ఉండి ఉంటే ఎంతో బలంగా ఉండేది. రెండోది, సర్జన్ గారు తమ విభాగంలో ఏటా ఎన్ని బైపాస్‌లు చేస్తారో, ఎంతమందికి ఇబ్బందులు వచ్చాయో తానుగా చెప్పలేదు. నేను అడిగాక చెప్పారు, దాచలేదు. కానీ అడగడానికి బిడియపడేవారు ఉంటారు. మూడోది, ఆహార నిపుణురాలు ఇచ్చిన పట్టిక. పుట్టినప్పటి నుంచి అన్నం తింటూ, వడ్ల మధ్యే బతికే మనిషికి ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ రాసి ఇచ్చారు. ఎంత అన్నం, ఏ పూట, పక్కన ఏ కూర అని రాసి ఉంటే ఆయన పాటించేవారు. అక్క మళ్లీ వెళ్లి కూర్చుని, జొన్న రొట్టె, గోంగూర పప్పు, సొరకాయ అన్నీ చేర్చి, అన్నానికి ఒక గిన్నె కొలత పెట్టించుకుని కొత్త పట్టిక రాయించుకుంది. ఇప్పుడు నడుస్తున్నది ఆ పట్టికే.

చిన్నదే అయినా, తెలియక నష్టపోయిన విషయం ఇంకొకటి ఉంది. మొదటి ఆసుపత్రిలో స్టెంట్ వేస్తామన్న ఆలోచనతో యాంజియోగ్రామ్‌కు ముందే రక్తాన్ని పలచబరిచే క్లోపిడోగ్రెల్ మాత్రలు ఎక్కువ మోతాదులో ఇచ్చేశారు. ఆ మందు ఒంట్లో ఉండగా బైపాస్ చేస్తే రక్తస్రావం ఎక్కువవుతుంది కాబట్టి, ఆపాక కనీసం ఐదు రోజులు ఆగాలి. బావగారి పరిస్థితి నిలకడగా ఉంది కనుక సరిపోయింది. యాంజియోగ్రామ్‌కు వెళ్లేవారు ఏ మాత్రలు ఎప్పుడు వేశారో రాసి పెట్టుకోవడం, అవి ఎందుకని అడగడం మంచిది. డాక్టరు చెప్పకుండా ఆ మందును సొంతంగా ఆపడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ఇప్పటికే స్టెంట్ ఉన్నవారిలో అది ప్రాణాంతకం.

బావగారికి గుండెను ఆపకుండానే, కొట్టుకుంటుండగానే, మూడు గ్రాఫ్టులతో బైపాస్ చేశారు. మొదటి వారం కష్టంగానే గడిచింది. దగ్గు వస్తే ఛాతీకి దిండు అదుముకుని దగ్గాలి. కాలి కోత షుగర్ వల్ల ఆలస్యంగా మానింది. ఒకరోజు గుండె లయ తప్పితే మందుతో సరిచేశారు. ఈ ఇబ్బందులను సంప్రదింపు రోజునే చెప్పి ఉన్నందువల్ల మేము బెంబేలు పడలేదు. రెండు మూడు నెలలు బరువులు ఎత్తవద్దన్నారు. ఆస్పిరిన్, కొలెస్టరాల్ మాత్ర, షుగర్, బీపీ మందులు జీవితాంతం తప్పవు. బైపాస్ చేయించుకున్నాక జబ్బు పోయిందని మందులు మానేసేవారు మన చుట్టూ ఉన్నారు కనుక దీన్ని నొక్కి రాస్తున్నాను. ఇప్పుడు ఆయన మెట్లు ఎక్కుతున్నారు. మళ్లీ తీసిన ఎకోలో పంపింగ్ 48 దాకా వచ్చింది. వ్యాయామ పునరావాసం మాత్రం ఆసుపత్రిలో పేరుకే ఉంది. వారం వారం హైదరాబాద్ రాలేనివారికి ఫోన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో ఏర్పాటు చేయాలని వాళ్లకు రాతపూర్వకంగా కోరాము.

ఈ సేవకు వెళ్లేవారు యాంజియోగ్రామ్ సీడీని ముందురోజే అందజేయాలి. ప్రింటు ఫొటోలు చాలవు, కదిలే చిత్రాలే కావాలి. ఎకో రిపోర్టు, క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు, వాడుతున్న మందుల డబ్బాలతో సహా తీసుకువెళ్లాలి. రోగి తప్పకుండా గదిలో ఉండాలి; పిల్లలు మాత్రమే వెళ్లి మాట్లాడి వచ్చే పద్ధతిని వాళ్లు ఒప్పుకోరు, అది సరైనదే. మేము వెళ్లిన చోట ఈ సంప్రదింపు వారంలో రెండు మధ్యాహ్నాలే ఉంటుంది, ఫోన్‌లో సమయం తీసుకోవాలి, మాట ఇచ్చిన వేళకు గంట అటూ ఇటూ అవుతుంది. షుగర్ ఉన్నవారు తినడానికి ఏదైనా వెంట ఉంచుకోవాలి.